చదువుకున్న పిల్ల బాకీ

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్లు అడిగినప్పుడు, ఒక మహిళా సేవా సంస్థ గురించి రాస్తామని ఒప్పుకున్నాం. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి అమ్మకు ఈ మాట చెబితే, "ఏ సంఘం బిడ్డా? నెలనెలా కిస్తీ కట్టే సంఘమేనా?" అని అడిగింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదనిపించింది. వెల్గటూర్ మండలంలో ఏ ఇంటి ఆడమనిషిని అడిగినా సంఘం అంటే పొదుపు, అప్పు, కిస్తీ, వడ్ల కొనుగోలు కేంద్రం. ఆ సంఘం మా అమ్మలకు బ్యాంకు మెట్లు ఎక్కడం నేర్పింది, వేలిముద్ర వేసే చేతికి సంతకం నేర్పింది. దాన్ని తక్కువ చేయలేం. కానీ "నీ బిడ్డ బడి ఎందుకు మానేసింది?" అని అడిగే సంఘం మాత్రం మా అమ్మలకు తారసపడలేదు. ఒకప్పుడు అటువంటి ప్రశ్నతోనే మొదలైన సంస్థ ఒకటుంది. దాని గురించి, దానితో మనకున్న లెక్కాపత్రం గురించి ఈ నాలుగు మాటలు.

ఈ వ్యాసంలో 'మేము' అంటే ఈ హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లిన పూర్వ విద్యార్థినులం. మాలో చాలామందిమి మా ఇండ్లల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనుషులం. మాకిప్పుడు ఇరవై మూడేళ్లు. హైదరాబాద్‌లో పీజీ చదువుతున్నాం. మా అమ్మలు ఇప్పటికీ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు, నాట్లకు కైకిలి పోతున్నారు. కాబట్టి మేము చెప్పేది పెద్దవాళ్ల ఉపన్యాసం కాదు. ఇదే వరండాలో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడినవాళ్ల మాట.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు చలికాలంలో ఒక సేవా సంస్థవాళ్లు దుప్పట్లు పంచడానికి వచ్చారు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మధ్యాహ్నం నుంచి మమ్మల్ని వరుసల్లో కూర్చోబెట్టారు. సాయంత్రానికి కార్లు వచ్చాయి. ఒక్కొక్కరినీ పిలిచి దుప్పటి చేతికిచ్చి ఫోటో తీశారు. సగం అయ్యాక ఫోటోలు సరిగా పడలేదని తెలిసింది. ముందు తీసుకున్నవాళ్లంతా దుప్పట్లు తిరిగి ఇచ్చి, మళ్లీ వరుసలో నిలబడి, మళ్లీ నవ్వుతూ తీసుకున్నాం. దుప్పటి వెచ్చగానే ఉంది. ఆ చలికాలం దాన్నే కప్పుకున్నాం. అది అబద్ధం కాదు. కానీ వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడగలేదు. రెండోసారి నిలబడినప్పుడు మా పక్కనున్న పిల్ల మెల్లగా అన్నది: "దుప్పటి మనకు, ఫోటో వాళ్లకు. లెక్క సరిపోయింది." పదమూడేళ్ల పిల్ల అన్న ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. సేవ అనే మాట ఎక్కడ విన్నా ఆ వరుసే కండ్ల ముందుకొస్తుంది. అందుకే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి మొదటిసారి చదివినప్పుడు మేము కొంచెం అనుమానంతోనే చదివాం.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెండ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెండ్లిని కాదని తన దారి తాను ఎంచుకున్నారు. ఇంకా చిన్న పిల్లగా ఉన్నప్పుడే, తాను నేర్చుకున్న హిందీని ఇరుగుపొరుగు ఆడవాళ్లకు చెప్పడానికి బాలికల హిందీ పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ల వాలంటీరు ఆమే. టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చిన తర్వాతే వదిలిపెట్టారు. ఈ కథ అందరూ చెబుతారు. మాకు నచ్చింది ఆమె ధైర్యం ఒక్కటే కాదు. అప్పగించిన పనికి పెద్దాచిన్నా తేడా లేకుండా ఒకే నియమం పాటించడం. మన హాస్టల్లో కూడా రిజిస్టరు అందరికీ ఒకటే అయితే ఎంత బాగుండునని అనుకోనివాళ్లు ఎవరున్నారు?

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె జైలుకు వెళ్లారు. 1933 లోపు మూడుసార్లు జైలు అనుభవించారు. జైల్లో ఉండగా అక్కడి ఆడ ఖైదీలను చూశారు. చదువు లేదు, చట్టం తెలియదు, తమ మీద మోపిన నేరం ఏమిటో చెప్పుకునే నోరు లేదు. వాళ్లను చూసిన తర్వాతే తాను చదవాలని, అందులోనూ న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నట్లు ఆమె చెప్పుకున్నారు. చెల్లెళ్లారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అప్పటికి ఆమె దగ్గర మెట్రిక్ కూడా లేదు. బడి మానేసిన చాలా ఏండ్లకు, ఇరవైల వయసులో, మళ్లీ పుస్తకం పట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చున్నారు. పదో తరగతి తప్పితే బతుకు అయిపోయిందని మన ఊళ్లల్లో అనేవాళ్లకు ఇది చెప్పాలి.

తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. ఆమె తిరిగి ఇంటికి పోలేదు. చదవాలని ఉన్న అమ్మాయిలు ఎవరైనా ఉంటే రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. ఉత్తరాలు వచ్చాయి. అలా వచ్చిన అమ్మాయిలను కూడగట్టి, తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని, అప్పుడు సీటు సంపాదించారు. హాస్టల్ విలువ ఏమిటో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఊరి నుంచి బడికి మూడు కిలోమీటర్లో ఆరు కిలోమీటర్లో ఉన్నప్పుడు, ఇంట్లో చెల్లెను ఎత్తుకునేవాళ్లు లేనప్పుడు, నాన్న గల్ఫ్‌లో ఉండి ఫోన్ రానప్పుడు, ఆడపిల్ల చదువును నిలబెట్టేది ఈ నాలుగు గోడలే. తొంభై ఏండ్ల కిందట ఒక యువతికి ఈ గోడలు లేకపోతే ఆమె కట్టుకున్నది. ఆ కథ చదివిన రోజున మా అనుమానం సగం పోయింది.

ఇక సంస్థ సంగతి. 1937లో మద్రాసు మైలాపూరులో 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అనే పేరుతో ఆడపిల్లల చిన్న గుంపు ఒకటి దుర్గాబాయి చుట్టూ చేరింది. అదే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. పెద్ద భవనంతోనో, పెద్ద విరాళంతోనో అది మొదలు కాలేదు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి, తాను రాసి గట్టెక్కిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే వాళ్లను తయారు చేయడం ఆ సభ తొలి పనుల్లో ముఖ్యమైనది. వాళ్లలో చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, ఇంట్లో చదివించనివాళ్లు ఉండేవారు. చదువుతో పాటు కుట్టుపని, చేతిపనులు నేర్పారు. ఉండటానికి చోటు ఇచ్చారు. 'ఆంధ్ర మహిళ' అనే పత్రిక నడిపారు. తర్వాత ప్రసూతి ఆసుపత్రి, నర్సుల శిక్షణ, వయోజన విద్య, కళాశాలలు వచ్చాయి. మద్రాసు నుంచి హైదరాబాద్ దాకా విస్తరించింది. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం దారిలో ఆ సభ మహిళా కళాశాల, విద్యానగర్ దగ్గర దుర్గాబాయి పేరుతో ఆసుపత్రి ఉన్నాయి. మేము ఆ దారిన పోతూ వస్తూ చాలా రోజులు ఆ బోర్డులు చూశాం. అప్పుడు ఆ పేరు వెనుక ఏముందో మాకు తెలియదు.

దుర్గాబాయి 1942లో న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నారు. రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో పెద్దవయసు ఆడవాళ్ల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. బడి మానేసిన ఆడమనిషి తక్కువ కాలంలో చదివి పరీక్ష రాసి, టీచరుగానో నర్సుగానో గ్రామసేవికగానో కొలువు సంపాదించుకోవడం దాని ఉద్దేశం. మైలాపూరులో కొద్దిమందితో మొదలైన పాఠమే దేశమంతటికీ పథకమైంది. 1975లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

ఈ చరిత్రలో మాకు కనిపించిన విలువలు మూడు. మొదటిది, ఇవాళ నేర్చుకున్నది రేపు ఇంకొకరికి చెప్పడం. ఆమె అంతా చదివి, ఉద్యోగం స్థిరపడి, ఇల్లు కట్టి, ఆ తర్వాత సేవకు దిగలేదు. హిందీ నేర్చుకుంటూనే హిందీ చెప్పారు. మెట్రిక్ గట్టెక్కి, పై చదువులు ఇంకా పూర్తికాక ముందే సభ పెట్టారు. రెండోది, వచ్చిన మనిషిని నిలబెట్టి పంపడం. బియ్యం ఇస్తే నెలకు సరిపోతాయి. నర్సు శిక్షణ ఇస్తే ఆ మనిషి మళ్లీ చేయి చాపనవసరం లేదు. మూడోది, సాయం పొందినవాళ్లే పని చేసేవాళ్లు కావడం. ఒక సంస్థ గొప్పదా కాదా అని తేల్చడానికి మాకు తెలిసిన కొలబద్ద ఇదొక్కటే. పదేండ్ల కింద వరుసలో నిలబడిన పిల్ల ఇవాళ బల్లకు అవతల కూర్చుందా లేదా? దుప్పట్ల సంస్థకూ ఈ సభకూ ఉన్న తేడా ఇక్కడే తెలిసిపోతుంది.

అయితే ఇదంతా మద్రాసు కథ, రాజమండ్రి కథ, మనకేం సంబంధం అని అడగవచ్చు. మన దగ్గరి కథ కూడా ఉంది. నిజాం కాలంలో తెలంగాణలో ఆంధ్ర మహాసభలు జరిగినప్పుడు వాటితో పాటు ఆడవాళ్ల సభలు వేరుగా జరిగేవి. వాటినీ ఆంధ్ర మహిళా సభలనే అనేవారు. పేరు ఒకటే కానీ దుర్గాబాయి సంస్థ వేరు, ఇవి వేరు. మొదటిది 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన జరిగింది. 1935లో జరిగింది ఎక్కడో తెలుసా? మన సిరిసిల్లలో. మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించారు. అదే సిరిసిల్లలో ఆంధ్ర మహాసభకు ఆమె భర్త మాడపాటి హనుమంతరావు అధ్యక్షులు. బాల్యవివాహాలు వద్దని, ఆడపిల్లలకు బడులు కావాలని, వితంతువులకు మళ్లీ పెండ్లి చేయాలని ఆ మహిళా సభలు గొంతెత్తాయి. అదే 1935లో హైదరాబాద్‌లో ఆంధ్ర యువతీ మండలి మొదలైంది. అంతకు ముందే, 1928లో, మాడపాటివారు నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం హైస్కూలు పెట్టారు. తెలుగులో చదివే పిల్లలకు ఇక్కడ పరీక్ష పెట్టేవాళ్లు లేక, పూణేలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయించారు.

సిరిసిల్ల మనకు ఎంత దూరం? బస్సెక్కితే పూట ప్రయాణం కూడా లేదు. మన మండలంలోనే కోటిలింగాల దగ్గర గోదావరి ఒడ్డున తవ్వితే శాతవాహనుల నాణేలు దొరికాయని పాఠంలో చదివాం, విహారయాత్రకు పోయి చూశాం. రెండువేల ఏండ్ల కిందటి రాజుల సంగతి తెలిసింది గానీ, తొంభై ఏండ్ల కిందట పక్క ఊరిలో ఆడవాళ్లు సభ పెట్టి ఆడపిల్లకు చదువు కావాలని అడిగిన సంగతి మాకు పీజీకి వచ్చేదాకా తెలియలేదు.

తెలిసిన రోజున సంతోషంతో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. 1935లో సిరిసిల్ల సభలో మా అమ్మమ్మల అమ్మలు ఎక్కడ కూర్చున్నారు? కూర్చున్నారా అసలు? ఆ సభ అధ్యక్షురాళ్ల పేర్లు వరుసగా చదివితే అవి చదువూ భూమీ పలుకుబడీ ఉన్న ఇండ్ల పేర్లే. ఆంధ్ర మహాసభ తొలి రోజుల్లో భాగ్యరెడ్డి వర్మ వంటి మనిషి వేదికెక్కి మాట్లాడటానికే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆయన అప్పటికే, 1910 నుంచే, హైదరాబాద్‌లో మన పిల్లల కోసం బడులు నడుపుతున్నారు. ఆడపిల్లలను దేవుడి పేరు మీద వదిలే ఆచారానికి వ్యతిరేకంగా పోరాడుతున్నారు. వితంతు వివాహం గురించి సభ తీర్మానం చేస్తున్నప్పుడు, మా పెద్దమ్మలు ఎవరి పొలంలోనో వెట్టి చేస్తూ ఉండి ఉంటారు. ఘోషా తీసేయాలని అక్కడ మాట్లాడుతుంటే, ఇక్కడ రవిక గుడ్డ దొరకడమే కష్టం. ఈ మాట చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్లు.

ఈ మాట అనగానే మా తోటివాళ్లు కొందరు, "అట్లయితే వాళ్ల గురించి మనమెందుకు రాయాలి? వాళ్ల సభలు వాళ్లవి" అంటారు. మేము ఒప్పుకోం. వాళ్లు మనల్ని పిలవలేదన్నది నిజం. వాళ్లు అడిగిన బడి తలుపు తెరుచుకున్న తర్వాత మనమూ లోపలికి వచ్చామన్నది కూడా నిజమే. పని బాగుంటే పద్ధతి నేర్చుకోవాలి. పిలవనివాళ్లను మనం పిలవాలి. మన వరుస నుంచి వచ్చిన స్త్రీలు అలాగే చేశారు. రాజ్యాంగ సభలో పదిహేను మంది స్త్రీలు ఉంటే అందులో దళిత స్త్రీ ఒక్కరే, దాక్షాయణి వేలాయుధన్. దుర్గాబాయి, దాక్షాయణి ఇద్దరూ మద్రాసు రాష్ట్రం నుంచే వెళ్లారు. ఒకరు ఎనిమిదేండ్లకు పెండ్లయిన పిల్ల, ఒకరు అంటరానితనం అనుభవించిన పిల్ల. అంబేద్కర్ ముసాయిదా కమిటీకి అధ్యక్షులుగా ఉన్న ఆ రాజ్యాంగమే అంటరానితనాన్ని 17వ అధికరణంతో రద్దు చేసింది. షెడ్యూల్డ్ కులాల, తెగల చదువు బాధ్యతను 46వ అధికరణంలో ప్రభుత్వం మీద పెట్టింది.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌లో ఈశ్వరీబాయి, సదాలక్ష్మి మన బస్తీల నుంచి లేచి శాసనసభ దాకా వెళ్లారు. పక్క నిజామాబాద్ జిల్లాలో జోగినీ వ్యవస్థను మాన్పించడానికి జాషువా కూతురు హేమలతా లవణం ఏండ్ల తరబడి ఊరూరా తిరిగారు. 1988లో దేవదాసీ, జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం ఎవరి బిడ్డల కోసమో మనకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఇట్లా చూస్తే ఆడవాళ్ల సేవా చరిత్ర ఒక్క ఇంటిది కాదు, ఒక్క కులానిది కాదు. అందులో మన పేజీలున్నాయి, ఇంకా రాయాల్సిన పేజీలూ ఉన్నాయి.

మన హాస్టల్ గురించి కూడా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది ఎవరి దానమూ కాదు. ఇక్కడ మనం తిన్న బువ్వ, కప్పుకున్న దుప్పటి, రాసిన నోటుబుక్కు రాజ్యాంగం మన పేరున రాసిచ్చిన హక్కు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు ఆ హక్కును కాగితం మీది నుంచి మన ఊళ్లదాకా తీసుకురావడానికి జీవితం పెట్టారు. అన్నం సరిగా లేకపోతే, బాత్రూంకు తలుపు లేకపోతే, రాత్రిపూట వార్డెన్ లేకపోతే అడగడం మన హక్కు, అడగాలి కూడా. మీకు తిండి పెట్టడమే ఎక్కువ అని ఎవరైనా అంటే తలొంచుకోవద్దు. సర్కారుకు మనం బాకీ లేం.

మరి మనం ఎవరికీ బాకీ లేమా? ఉన్నాం. ఎవరికో చెబుతాం.

మా పదో తరగతి బ్యాచ్‌లో మాతో ఒకే ట్రంకు పెట్టె పంచుకున్న పిల్ల ఒకతి ఉండేది. మాకంటే బాగా చదివేది. తెలుగులో, సోషల్‌లో ఆమెను మించినవాళ్లు లేరు. లెక్కల్లో కొద్ది మార్కులతో తప్పింది. సప్లిమెంటరీ ఫీజు కట్టే రోజుకు ఇంట్లో పెండ్లి మాట నడుస్తోంది. ఫీజు కట్టలేదు, పెండ్లయింది. మేము ఇంటర్‌కు పోయాం, డిగ్రీకి పోయాం. పోయిన దసరాకు ఊరికి వెళ్లినప్పుడు ఆమె ఇంటికి వెళ్లాం. గడప పక్కన చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కత్తెరతో తునికాకు కోస్తూనే మాట్లాడింది. చేయి ఆగలేదు, ఆగితే ఆ రోజు వెయ్యి నిండదు. పక్కన నాలుగేళ్ల కూతురు పలక మీద గీతలు గీస్తోంది. మేము పెద్ద మాటలు మాట్లాడాం. చదువు అయ్యాక మన ఊరికి ఏదైనా సేవ చేయాలని ఉందని చెప్పాం. ఆమె తలెత్తకుండానే అన్నది:

"నీ సేవ నాకెందుకే. వచ్చినప్పుడల్లా గంటసేపు కూసొని లెక్కలు చెప్పు. నేను పరీక్ష రాస్త."

మా దగ్గర జవాబు లేదు. ఆరేండ్లుగా మేము ప్రతి పండుగకూ ఊరికి వస్తున్నాం, ఒక్క గంట ఆమె దగ్గర కూర్చోలేదు. దుప్పట్లు పంచినవాళ్లు ఏం చదువుతున్నావని మమ్మల్ని అడగలేదని ఇన్నాళ్లు చెప్పుకున్నాం. మేము మాత్రం మా జంటపిల్లను అడిగామా? మద్రాసులో తొంభై ఏండ్ల కిందట దుర్గాబాయి ఎదుట కూర్చున్న ఆడవాళ్లు ఎవరో అప్పుడు అర్థమైంది. వాళ్లంతా మా ఈ దోస్తులాంటివాళ్లే. మెట్రిక్ ఒక్కటి దాటితే చాలు, తర్వాత దారి తాము వెతుక్కుంటామన్నవాళ్లు.

కాబట్టి ఈ వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థినుల ముందు మేము పెట్టే ప్రతిపాదన ఒక్కటే. మన హాస్టల్లో చదివి పదో తరగతి తప్పినవాళ్ల, మధ్యలో మానేసినవాళ్ల పేర్లతో ఒక పుస్తకం పెడదాం. పాత రిజిస్టర్లలో పేర్లున్నాయి, ఊళ్లు మనకు తెలుసు. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పద్నాలుగేండ్లు నిండినవాళ్లు ఎవరైనా పదో తరగతికి చేరవచ్చు, వయసు దాటిందనే మాట లేదు. పెండ్లయినా, పిల్లలున్నా, బీడీలు చుట్టినా చేరవచ్చు. వెల్గటూర్, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడి వాళ్లకు అక్కడ దగ్గరలో ఉన్న అక్కలు బాధ్యత తీసుకోవాలి. ఆదివారం రెండు గంటలు చాలు. లెక్కలు ఒకరు, ఇంగ్లీషు ఒకరు, సైన్సు ఒకరు. చాట తెచ్చుకుని కూర్చున్నా అభ్యంతరం లేదు, చెవులు ఖాళీగానే ఉంటాయి కదా. ఫీజు కట్టలేనివాళ్లకు మన స్కాలర్‌షిప్పుల నుంచి, జీతాల నుంచి తలా కొంచెం వేసుకుందాం. ఎవరికి ఎంత ఇచ్చామో ఆ పుస్తకంలో రాసి పెడదాం. ఫోటోలు మాత్రం వద్దు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఇది సర్కారు చేయాల్సిన పని, మనం చేస్తే సర్కారు తప్పించుకుంటుందని ఒకటి. నిజమే. అందుకే ఆదివారం పాఠం చెబుతాం, సోమవారం అర్జీ కూడా పెడతాం. ఒకటి చేస్తే రెండోది మానాలని ఎక్కడా లేదు. సభ నడిపిన దుర్గాబాయే రాజ్యాంగ సభలోనూ కూర్చున్నారు. రెండో అభ్యంతరం, మనకే ఇంకా ఉద్యోగం లేదు, ముందు మనం స్థిరపడాలి కదా అని. గ్రూప్స్‌కు, టెట్‌కు, డీఎస్సీకి తయారవుతున్న అక్కల కష్టం మాకు తెలుసు, మేమూ ఆ వరుసలోనే ఉన్నాం. కానీ స్థిరపడ్డాక చేద్దామనుకున్న పని ఎన్నడు మొదలైంది? పదో తరగతి లెక్కలు చెప్పడానికి ఉద్యోగం అవసరం లేదు. పదో తరగతి గుర్తుంటే చాలు.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న చెల్లెళ్లకు కూడా ఒక పని చెబుతాం. తొమ్మిదిలో ఉన్నవాళ్లు ఆరులో ఉన్నవాళ్లకు రాత్రి స్టడీ అవర్‌లో అరగంట చెప్పండి. మీకు వచ్చిందే చెప్పండి, రానిది రాదని చెప్పండి. సంక్రాంతి సెలవులకు పోయి మళ్లీ రాని పిల్ల ఎవరైనా ఉంటే ఆ పేరు మాకు చెప్పండి. ఆ పిల్ల ఇంటికి మేము పోతాం. పెండ్లి మాట నడుస్తుంటే వాళ్ల అమ్మతో మాట్లాడతాం. మీ మొహం చూసి కాకపోయినా, అదే గల్లీలో బీడీలు చుట్టే మా అమ్మ మొహం చూసైనా వింటారు.

మా దోస్తు ఈసారి ఓపెన్ టెన్త్‌కు దరఖాస్తు చేసుకుంది. ఆమెకు లెక్కలు చెప్పే పని మేము తీసుకున్నాం. పుస్తకంలో మొదటి పేరు ఆమెది, పక్కన బాధ్యత తీసుకున్నవాళ్లుగా మా సంతకం ఉంది. రెండో వరుస ఖాళీగా ఉంది. వార్షికోత్సవం రోజున ఆ పుస్తకం మెస్ హాల్ తలుపు పక్కన బల్ల మీద పెడతాం. భోజనానికి పోయే ముందు ప్రతి అక్కా ఒక్కసారి ఆగి, తనతో చదివి వెనుక ఉండిపోయిన ఒక్క పిల్ల పేరు గుర్తు చేసుకుని రాసి పోవాలని మా మనవి.

మీ అక్కలు,
పూర్వ విద్యార్థినుల తరఫున